కింది ఎనిమిది లైన్లు

కొత్తగా పత్రిక డెస్కులో చేరిన పిల్లలు ముగ్గురు ఈమధ్య మా ఇంటికొచ్చారు. "మీ అనుభవాలు రాసిపెట్టండి సార్, మాకు పనికొస్తాయి" అన్నారు. ముప్పయ్యేళ్ళు నేను చేసిన పని ఇతరులు రాసింది కొయ్యడం. ఉపసంపాదకుడు అంటే వినడానికి గంభీరంగా ఉంటుంది గాని, దర్జీ కత్తెరకీ మా కలానికీ తేడా తక్కువ. దర్జీ కనీసం కొలత తీసుకుని కోస్తాడు.

ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో రాయను. అది చదివితే మీకు నిద్ర తప్ప ఏమీ రాదు. నేను కోసిన ఒక కోత గురించి రాస్తాను. పెద్దదేం కాదు, ఎనిమిది లైన్లు.

శిక్షగా వచ్చిన పేజీ

ఎనభైల మధ్యలో మా పత్రిక గుంటూరు ఆఫీసు మిరప గోడౌన్ల వీధి చివర ఉండేది. ఎండాకాలం వస్తే రిపోర్టరు నుంచి సంపాదకుడి దాకా అందరం తుమ్ముతూ రాసేవాళ్ళం. మా సంపాదకీయాల్లో కామాలు మరీ ఎక్కువని పాఠకులు ఫిర్యాదు చేసేవారు. కారణం అదేనని నా అనుమానం.

ఒక ఆదివారం మా యజమాని బావమరిది రాసిన పద్యాలు పక్కన పెట్టి, ఆ చోట్లో పొగాకు రైతుల వార్త వేశాను. వార్త బాగుందని నలుగురూ అన్నారు. సోమవారం నుంచి నన్ను పిల్లల పేజీకి మార్చారు.

అప్పట్లో పిల్లల పేజీని చూస్తే, పత్రికలో పనిచేసే ఎవరికీ పిల్లలు లేరేమో అనిపించేది. మహనీయుల బాల్యం అని ఒక శీర్షిక ఉండేది. అందులో మహనీయులందరూ చిన్నప్పటి నుంచే తక్కువ తినేవారు, నిజం చెప్పేవారు. ఒక్కడూ పక్కింటి జామచెట్టు ఎక్కలేదు. దాని కింద గళ్ళనుడికట్టు, దాని పక్కన రంగులు వేయమని ఒక ఏనుగు బొమ్మ. ఏనుగు ఏడాదంతా అదే, వారానికోసారి తొండం దిశ మార్చేవాళ్ళం.

రాఘవయ్య గారి పద్ధతి

మా న్యూస్ ఎడిటర్ రాఘవయ్య గారు మచిలీపట్నం వైపు మనిషి. నాకు పని నేర్పింది ఆయనే కాబట్టి ఆయన గురించి రెండు ముక్కలు చెప్పాలి. రెండూ గౌరవంగానే చెబుతాను.

మొదటిది, కోత ఎప్పుడూ కిందనుంచే. వార్తలో ముఖ్యమైన సంగతి మొదటి పేరాలో ఉంటుంది. కిందికి పోయేకొద్దీ ప్రాముఖ్యం తగ్గుతుంది. చోటు చాలకపోతే కింది లైన్లు లేపెయ్యి, ఎవడికీ ఏమీ తెలియదు. అప్పట్లో సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో కూర్చేవారు. లేపెయ్యడమంటే నిజంగానే లేపడం. ఫోర్‌మన్ కోటయ్య చిమటా పెట్టి కింది లైన్లు తీసి పక్కన పెట్టేవాడు.

రెండోది, సవరణ వెయ్యకూడదు. "తప్పు జరిగిందని మనం చెప్తేనేనయ్యా తప్పు అయ్యేది" అనేవారు. ఒకసారి సత్తెనపల్లి వైపు ఒక పెద్దమనిషి చనిపోయాడని వేశాం. మర్నాడు ఆయనే ఆఫీసుకొచ్చాడు. రాఘవయ్య గారు ఆయనకు కాఫీ తెప్పించి, బుజ్జగించి పంపారు. నెలలోపు ఆయన పశువుల సంత ప్రారంభించినట్టు ఫోటోతో వార్త వచ్చింది. "చనిపోయినవాడు సంత ప్రారంభించడు కదా. పాఠకుడికి ఆ మాత్రం అర్థం కాదా?" అన్నారు.

కరపత్రాల వెనక ఒక రాజ్యం

పిల్లల పేజీకి వచ్చిన రెండో నెలలో దర్శి దగ్గరి ఒక పల్లె నుంచి లావుపాటి కవరు వచ్చింది. లోపల కాగితాలన్నీ చర్చి సువార్త సభల కరపత్రాలు. వాటి వెనకవైపు గుండ్రటి అక్షరాలతో ఒక సీరియల్. పైన ఒక ఉత్తరం:

"అయ్యా, నా పేరు సుగుణకుమారి. ఇది పద్నాలుగు వారాలు వస్తుంది. ఇప్పుడు మొదటి భాగం, మిగతావి వారం వారం పంపుతాను. నచ్చకపోతే కాగితాలు తిప్పి పంపనక్కర్లేదు, సభలు అయిపోయాయి. వేస్తే మాత్రం ఏ వారమూ చివరి మాటలు మార్చవద్దు."

మార్చవద్దని అందరూ రాస్తారు. మొలలకు మందు కనిపెట్టానని వ్యాసం పంపినాయన కూడా అదే రాశాడు. అందుకని ఆ మాట పట్టించుకోలేదు. కథ మాత్రం పట్టించుకున్నాను.

గాజుకొండ అని ఒక రాజ్యం. అక్కడ ప్రతి తలుపు మీదా ఒక మాట రాసి ఉంటుంది. ఆ మాట చదివితేనే తలుపు తెరుచుకుంటుంది. చదివిపెట్టే ముసలి కాపలాదారుకు గొంతు పోయింది. మగవాళ్ళంతా ఉప్పు తేవడానికి సముద్రానికి వెళ్ళి దారి మరిచిపోయారు. తలుపులన్నీ మూతబడ్డాయి. ఆడపిల్లలకు చదువు చెప్పమని రాణి పక్క రాజ్యం నుంచి కమలిని అనే యువతిని పిలిపించింది. ఆమె తాబేలు మీద పలకలు వేసుకుని వచ్చింది. పిల్లలు మేం చదవం అన్నారు. "తలుపులు తెరుచుకుంటే మమ్మల్ని పనికి పంపుతారు. ఇట్లాగే హాయిగా ఉంది" అన్నారు.

నాకు తెలిసి తెలుగు పత్రికల పిల్లల పేజీలో అంత సరైన కారణం ఎవరూ చెప్పలేదు.

వారానికో పిల్ల చదువు తప్పించుకోవడానికి కొత్త ఎత్తు వేస్తుంది. ఒకతె అక్షరం తలకెక్కితే పేనవుతుందని చెప్పి అందర్నీ భయపెట్టింది. ఇంకొకతె పలకను మొసలి నోట్లో పెట్టి, "తీసుకోండి పంతులమ్మా, లోపలే ఉంది" అంది. చివర ఎప్పుడూ ఒకటే తీరు: "ఈ వారం పంతులమ్మను ఓడించిన పిల్ల నాగమణి." ఇంకో వారం రత్తమ్మ, ఆ తర్వాత ఎస్తేరు. గాజుకొండ రాజ్యంలో రత్తమ్మ ఎవరా అని నాకు అనుమానం రాకపోలేదు. వచ్చిన అనుమానాలన్నీ తీర్చుకునే ఓపిక ఉంటే నేను రిపోర్టర్ని అయ్యేవాణ్ణి.

పురుగు

ఆరో వారం. ఒక పిల్ల బడికి రెక్కల మేకను తెచ్చి, "దీనికి చెప్పండి. ఇది ఎగిరొచ్చి నాకు చెప్తుంది" అంటుంది. మేక వాచకం నమిలి మింగి, ఎగిరి కోట బురుజు మీద కూర్చుంటుంది. అక్కడికి వెళ్ళాలంటే బురుజు తలుపు తెరవాలి.

శుక్రవారం మధ్యాహ్నం పేజీ కట్టేసరికి అడ్వర్టైజ్‌మెంట్ వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. పత్తి పురుగుమందు ప్రకటన, పెద్ద పచ్చపురుగు బొమ్మతో. వేరే ఏ పేజీలోనూ చోటు లేదట.

"ఎనిమిది లైన్లు ఎక్కువైనయ్యండి. ఏం తియ్యమంటారు?" అన్నాడు కోటయ్య.

"కొత్తగా అడుగుతున్నావేంటి? కిందవి తీసెయ్."

అతను ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తీసేశాడు. ఆ ఆగడం నేను చూశాను. చూసి టీ తాగడానికి వెళ్ళాను.

ఆ వారం పిల్లల నుంచి ఎప్పుడూ రానన్ని ఉత్తరాలు వచ్చాయి. అన్నీ పురుగు బాగుందని, మళ్ళీ వెయ్యమని.

రెండు బస్సులు మారి

మంగళవారం పదకొండింటికి ఒకమ్మాయి ఆఫీసుకొచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. నేత చీర, చంకలో గొడుగు, చేతిలో మడిచిన మా పేపరు.

"పిల్లల పేజీ చూసే వెంకట్రావు గారంటే మీరేనాండి?"

"నేనేనమ్మా."

"నేను సుగుణకుమారిని. కింద ఎనిమిది లైన్లు ఏమైనయ్యండి?"

కూర్చోమన్నాను. కూర్చోలేదు. చోటు చాలలేదని, ప్రకటన వచ్చిందని చెప్పాను.

"పై లైన్లు తియ్యొచ్చు గదండి?"

"పేపర్లో కిందనుంచే తీస్తామమ్మా. ముఖ్యమైంది పైనుంటుంది."

"కథలో కూడానా?"

పన్నెండేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

అప్పుడు కూర్చుని మొత్తం చెప్పింది. ఆమె రాసే మనిషి కాదు, చదువు చెప్పే మనిషి. బడి మానేసిన ఆడపిల్లలకు సర్కారు పెట్టిన మధ్యాహ్నం కేంద్రం ఒకటి వాళ్ళ ఊరి చర్చి వరండాలో నడుస్తోంది. పిల్లలు పొద్దున పత్తి తీస్తారు, సీజనులో మిరప కళ్ళంలో తాలుకాయలు ఏరతారు. మధ్యాహ్నం బడికి రమ్మంటే పది సాకులు. ఆమె ఆ సాకులతోనే బేరం పెట్టింది. వారంలో అందరికంటే గొప్ప ఎత్తు వేసి ఆమెను ఓడించిన పిల్ల పేరు పేపర్లో పడుతుంది. పడిందో లేదో ఆమె చెప్పదు. ఆదివారం మొదటి బస్సుకు టీ హోటలుకు పేపరొస్తుంది. అక్కడికి పోయి ఎవరికి వాళ్ళు చదువుకోవాలి.

అంటే బడి ఎగ్గొట్టడంలో పోటీ. అందులో గెలిచామని తెలియాలంటే చదవడం రావాలి. ఆ ఏర్పాటు చూసి మా సర్క్యులేషన్ మేనేజరు సిగ్గుపడాలి.

"ఆరో వారం ఎవరిదమ్మా?"

"కాశింబీదండి. దూదేకే మస్తాన్ గారి పిల్ల. పన్నెండేళ్ళు. రెండు నెలలు నన్ను ఏడిపించింది. ఒకరోజు మేకపిల్లను తోలుకొచ్చి, 'దీనికి చెప్పు టీచరమ్మా, నాకు కళ్ళంలో పనుంది' అంది. అది పుస్తకం తినేసి చర్చిలోకి ఉరికింది. ఈ పిల్ల దాని వెనకాల ఉరికి, గుమ్మం దగ్గర టక్కున ఆగి చెప్పులు విడిచింది. గుమ్మం మీద 'చెప్పులు బయట విడవండి' అని ఉందండి. ఆ పిల్లకు ఎవురూ చెప్పలా. చదివింది. 'చదివావే' అన్నాను. 'మేక చదవలా. అయినా దానికి చెప్పుల్లేవులే' అంది."

ఆమె నవ్వింది. వెంటనే ఆ నవ్వు పోయింది.

"కథలో కూడా మేక కోసం ఉరికి, తనకు తెలీకుండానే తలుపు మీది మాట చదివేస్తదండి. గాజుకొండలో మొదటి తలుపు తీసింది ఆ పిల్లే. ఆ ఎనిమిది లైన్లలోనే ఉంది అదంతా. పేరు కూడా."

ఆదివారం కాశింబీ తన ముఠా పిల్లలు నలుగుర్ని వెంటేసుకుని హోటలుకు వెళ్ళింది. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, బురుజు దాకా చదివింది. దాని కింద పురుగు. హోటల్లో ఎవరో, "నీ పేరు పురుగు తినేసిందే" అన్నారు. అందరూ నవ్వారు. ఆ పిల్ల తిన్నగా వచ్చి పలక టీచరు చేతిలో పెట్టింది. "పేపరోళ్ళు అబద్ధాలోళ్ళు. నువ్వూ అంతే" అంది. సోమవారం ఆ పిల్లా రాలేదు, ఆ నలుగురూ రాలేదు.

"శనివారం ఆఫీసరు గారొస్తున్నారండి. పాతికమంది లేకపోతే కేంద్రం మూసేస్తామని ముందే చెప్పారు. ఇప్పుడు ఇరవైమూడు మంది ఉన్నారు."

వచ్చే ఆదివారం ఆ లైన్లు వేస్తానన్నాను. తలూపలేదు.

"వచ్చే వారం వేరే పిల్లదండి. జాలిపడి వేశారంటది కాశింబీ. తప్పు మీదని మీరే చెప్పాలి. అచ్చులో చెప్పాలి. ఆదివారం దాకా ఆగితే బడి ఉండదు."

లేని రాజ్యానికి సవరణ

ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి రాఘవయ్య గారి గదిలోకి వెళ్ళాను.

"ఎక్కడ జరిగిందయ్యా ఇది?"

"గాజుకొండ రాజ్యంలోనండి."

"అది ఏ తాలూకా?"

"లేదండి, కథలో."

ఆయన కళ్ళజోడు తీశారు. "మొన్న కలెక్టరు పేరు తప్పేస్తే సవరణ వెయ్యలేదు. లేని రాజ్యంలో ఎగిరే మేకకు సవరణ వెయ్యమంటావా?"

నాకు పెద్ద ధైర్యం లేదు. ఉన్నది కాస్త తర్కం. "కలెక్టరుకు సవరణ వేస్తే మన తప్పు జిల్లా అంతటికీ తెలుస్తుందండి. ఈ తప్పు జరిగిన రాజ్యంలో మన పత్రికకు చందాదారుడే లేడు. పరువు పోయే ప్రశ్నే లేదు. మనం సవరణలు వెయ్యం అని ఎవరైనా అంటే ఇది చూపించొచ్చు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత పొట్ట కదిలేలా నవ్వారు.

"మూడు లైన్లు. బాక్సు వద్దు. ఎవడూ చూడని చోట వెయ్యి." కాసేపు ఆలోచించి, "మూడో పేజీలో ఆ మిరప ధరలు, పత్తి ధరలు ఉంటాయే, వాటి కింద" అన్నారు.

మచిలీపట్నం మనిషి అని ముందే చెప్పాను. ఇక్కడి పల్లెల్లో పేపరు కొనేది ఆ ధరల కోసమేనని, మిగతా పేజీలు వాటిని మడిచి పట్టుకోవడానికి ఉపయోగపడతాయని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. పై అధికారి ఆజ్ఞను ప్రశ్నించకుండా అమలు చేయడం నా వృత్తిజీవితంలో ఆ ఒక్కసారే.

సవరణ రాసి కంపోజింగ్ గదికి తీసుకెళ్ళాను. కోటయ్య చదివి, అలమర పైనుంచి దారంతో కట్టిన సీసపు ముక్క ఒకటి దించాడు. ఎనిమిది లైన్లు. తీసేసిన అక్షరాలు వెంటనే విప్పి ఏ అరలోవి ఆ అరలో వెయ్యడం రివాజు. అతను విప్పలేదు.

"తీసేటప్పుడే చదివానండి. తలుపు తెరుచుకునేది అందులోనే ఉంది. విప్పబుద్ధి కాలా" అన్నాడు.

"నాకు చెప్పొచ్చు కదయ్యా."

"మీరు టీకెళ్ళారండి."

నేను వృత్తిలో తిన్న చీవాట్లలో అన్నిటికంటే చిన్నది అదే. ఇప్పటికీ గుర్తున్నదీ అదే.

సుగుణకుమారికి ప్రూఫు చూపించాను. రెండుసార్లు చదివి, కాశింబీ పేరులో దీర్ఘం సరిగా ఉందో లేదో చూసుకుని, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. రాఘవయ్య గారు వద్దన్న బాక్సు మర్నాడు పేపర్లో ఉంది. కోటయ్య చెయ్యి జారిందన్నాడు. నాలుగు వైపులా గీతలు వేసేంతగా ఎలా జారిందో నేను అడగలేదు.

అందులో ఉన్నది ఇదీ: "గత ఆదివారం గాజుకొండ రాజ్యంలో బురుజు తలుపు మీది మాట చదివి తలుపు తెరిచినదీ, ఆ వారం పంతులమ్మను ఓడించినదీ కాశింబీ. మా పొరపాటు వల్ల ఈ సంగతి ప్రచురణ కాలేదు. చింతిస్తున్నాం."

ధరల కింద

తర్వాత జరిగింది నేను చూడలేదు. సుగుణకుమారి వారం తర్వాత కరపత్రం వెనక రాసి పంపింది.

బుధవారం పొద్దున హోటల్లో ఒక రైతు మిరప ధరలు పైకి చదువుతూ, అదే ఊపులో కిందిదీ చదివేశాడట.

"ఒరేయ్, ఈ గాజుకొండ యార్డు ఎక్కడిదిరా? రేటు రాయలేదేంది?"

"రేటు కాదు, ఏదో తలుపు తీశారంట."

"గోడౌన్ తలుపా?"

"ఎవరో కాశింబీ తీసిందంట."

"మన మస్తాన్ కూతురా? అదెందుకు తీసిందిరా?"

ఈ వార్త కళ్ళానికి చేరేసరికి మస్తాన్ కూతురు ఎవరిదో గోడౌన్ తలుపు తీసినట్టు, పేపర్లో పడినట్టు తయారైంది. మస్తాన్ గారు పరుపు కుడుతున్నవాడు సూది పరుపులోనే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. కూతురు అప్పటికే హోటల్లో ఉంది. పేపరు చేతిలో ఉన్న రైతు, "ఆగవే, నేను చదివి చెప్తా" అన్నాడు.

"అక్కర్లా. నాకొచ్చు. ఇటియ్యి" అంది.

మొత్తం చదివింది. వేలు పెట్టే చదివింది గాని పెద్దగా చదివింది. హోటల్లో ఈసారి ఎవరూ నవ్వలేదట. మస్తాన్ గారు మాత్రం, తన కూతురు ఎవరి తలుపూ తీయలేదని తెలిశాక, ఇంకోసారి చదవమన్నాడట.

గురువారం కాశింబీ నలుగుర్నీ వెంటేసుకుని, చేతిలో పేపరు ముక్కతో చర్చి వరండాకు వచ్చింది. పలక మాత్రం తీసుకోలేదు.

"చింతిస్తున్నాం అంటే ఏంది టీచరమ్మా?"

"బాధపడుతున్నాం అని."

"ఎవురు?"

"పేపరోళ్ళు."

"ఎంతమంది?"

టీచరుకు తెలియలేదు. తెలియదనే చెప్పింది.

"శనివారం ఆఫీసరొస్తన్నాడని ఉంటన్నా. ఎంతమందో కనుక్కో. చెప్పకపోతే మళ్ళీ కళ్ళానికే పోతా."

శనివారం ఆఫీసరు వచ్చి లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది మంది, ఒక మేక. కేంద్రం ఉండిపోయింది. "కానీ ఆ పిల్ల ఉంటుందో ఉండదో మీ చేతిలో ఉంది. ఎంతమంది చింతిస్తున్నారో దయచేసి నిజం రాయగలరు" అని ఉత్తరం ముగించింది.

జవాబు

సవరణల కింద చింతిస్తున్నాం అని రాసేవాడెవడూ ఎంతమంది అని ఆలోచించడు. నేను ఆలోచించాల్సి వచ్చింది. ఇద్దరం అని కార్డు రాశాను: నేను, మా ఫోర్‌మన్ కోటయ్య. పోస్టు డబ్బాలో వెయ్యబోతుంటే రాఘవయ్య గారు అందుకుని చదివారు.

"నన్నెందుకు కలపలేదు?"

"మీరు చింతించారాండి?"

"లేని రాజ్యమే కదయ్యా. చింతించడానికి నాకేం అభ్యంతరం?" అని ఇద్దరం కొట్టేసి ముగ్గురం అని తన చేత్తో దిద్దారు. ఆయన తన తప్పు ఒప్పుకుంటూ రాసిన మాట నేను చూసింది అదొక్కటే. అది కూడా కార్డు మీద.

మీరు ఈ వృత్తిలోకి వచ్చారు కాబట్టి చెబుతున్నాను. కొయ్యక తప్పదు. చోటు ఎప్పుడూ చాలదు, ప్రకటన ఎప్పుడూ పరిగెత్తుకునే వస్తుంది. కోసే ముందు కింది లైన్లు చదవండి. మీకు తీరిక లేకపోతే, చదివినవాణ్ణి అడగండి. ప్రతి ఆఫీసులోనూ అలాంటివాడు ఒకడు ఉంటాడు. అతని జీతం మీకంటే తక్కువుంటుంది.

పదిరోజులకు దర్శి ముద్రతో ఒక కార్డు వచ్చింది. పెన్సిలుతో రాసిన పెద్దపెద్ద అక్షరాలు, లైన్లు ఎడమ నుంచి కుడికి కిందికి జారుతున్నాయి. అందులో ఉన్నది ఇంతే: "ముగ్గురు చాలు. పలక తీసుకున్నా. మేక బాగుంది. ఇంక కింద కొయ్యొద్దు."

సంతకం కోసం కింద వెతికాను. లేదు. తర్వాత కనిపించింది. కార్డుకు అన్నిటికంటే పైన, అంచుకు ఆనించి, చుట్టూ నాలుగు గీతలు గీసి, ముందే రాసుకుంది: కాశింబీ.